ఆగిన బండి కింద...

కదిలే బండి పొగ వదిలితే ముక్కు మూసుకుంటాం. మోత పెడితే చెవులు మూసుకుంటాం. మరి నెలల తరబడి కదలకుండా పడున్న బండి? దానికి పొగ లేదు, చప్పుడు లేదు. అందుకే ఎవరి కంటా పడదు. ఊరి చివర, చెరువు పక్కన, కారుచౌకగా అద్దెకు దొరికే నేలలో వాహనాలు వరసలు కడుతుంటాయి. ఇల్లు కాదు, ఫ్యాక్టరీ కాదు... ఉత్తినే నిలబెట్టడమేగా అనుకుంటాం. తొలకరి వానకి ఆ వరసల కింది నుంచి జారే నీరు ఎటు పోతుందన్నదే అసలు ప్రశ్న!

*

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం. లాంగ్ ఐలాండ్ తూర్పు భాగంలో రివర్‌హెడ్ అనే టౌను. దాని పరిధిలోనే ఉంటుంది కాల్వర్టన్. పొలాలు, పైన్ చెట్ల అడవి, చిన్నచిన్న కుంటలు... వాటి మధ్య రెండు భారీ రన్‌వేలు. ‘టాప్ గన్’ సినిమాలో దూసుకెళ్లే ఎఫ్-14 యుద్ధ విమానాలు గుర్తున్నాయా? గ్రమ్మన్ కంపెనీ వాటిని నౌకాదళం కోసం తుది కూర్పు చేసి, ఎగరేసి పరీక్షించింది ఇక్కడే. 1990ల్లో ఆ పని ఆగిపోయింది. 1998లో అక్కడి భూమిలో దాదాపు 2,900 ఎకరాలు రివర్‌హెడ్ టౌనుకు దక్కాయి... నాలుగు రాళ్లు వచ్చే పనులు పెట్టుకోండని.

ఆ నాలుగు రాళ్లు ఓ తుపాను రూపంలో వచ్చాయి. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను తీరం దాటింది. సముద్రం న్యూయార్క్, న్యూజెర్సీ వీధుల్లోకి వచ్చేసింది. నీళ్లు తీశాక చూస్తే ఇళ్ల ముందున్న కార్లన్నీ ఉప్పునీళ్లలో నానినవే. బీమా మోసాల మీద నిఘా పెట్టే అక్కడి సంస్థ లెక్క ప్రకారం దెబ్బతిన్న వాహనాలు సుమారు రెండున్నర లక్షలు. బీమా కంపెనీలు యజమానులకు డబ్బులిచ్చి ఆ కార్లను తీసుకున్నాయి. వేలం వేసేదాకా వాటిని ఎక్కడో ఒకచోట ఉంచాలి. న్యూయార్క్ నగరంలో ఒక కారు పెట్టడానికే చోటు దొరకదు. లక్షల కార్లకు ఎక్కడ దొరుకుతుంది?

అప్పుడు కనిపించింది కాల్వర్టన్. 2013 జనవరి నాటికి ఆ రన్‌వేల మీద పదిహేను వేలకు పైగా కార్లు బారులు తీరాయి. ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో చీమల బారుల్లా కనిపించాయవి. టౌనుకు అద్దె ఆదాయం, కంపెనీలకు చోటు. ఇద్దరికీ లాభమే.

ఇబ్బంది ఎవరికంటే... నేల కింద ఉన్న నీటికి!

నేల కింద బావి

లాంగ్ ఐలాండ్‌ది ఇసుక నేల. పైన ఏం పడినా గబగబా కిందికి దిగుతుంది. ఆ కింద ఉన్న భూగర్భ జలమే నాసా, సఫోక్ కౌంటీల జనానికి తాగునీరు. దూరంగా ఉన్న కొండల నుంచి గొట్టాల్లో నీళ్లు తెప్పించుకునే న్యూయార్క్ నగరం సంగతి వేరు. ఈ పక్క వాళ్లకు మాత్రం కాళ్ల కింద ఉన్నదే దిక్కు. అందుకే 1978లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ జలరాశిని ఆ ప్రాంతానికి ‘ఏకైక నీటి ఆధారం’గా ప్రకటించింది. అక్కడికి దగ్గర్లోనే పెకోనిక్ నది పారుతుంది. దానికి కొండల్లో పుట్టిల్లు లేదు. భూగర్భ జలం ఊరి పైకి వచ్చి పారేదే ఆ నది. అంటే పైన ఒలికింది కిందికి, కింద చేరింది నదికి!

ఆ నేలకు ఇదివరకే ఓ చేదు అనుభవం ఉంది. విమానాల కర్మాగారం నడిచిన కాలంలో వాడిన ద్రావకాలు, ఇంధనాలు భూమిలోకి ఇంకాయి. కర్మాగారం మూతపడ్డా వాటిని కడిగే పని మాత్రం నౌకాదళానికి దశాబ్దాల తరబడి తప్పలేదు. నీళ్లు పాడు చేయడానికి ఒక్క పూట చాలు. బాగు చేయడానికి ఒక తరం కూడా చాలదని అక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కార్లు వచ్చినప్పుడు పర్యావరణ ఉద్యమకారులు గొంతెత్తింది ఆ భయంతోనే.

మరో ప్రాణి కూడా ఉంది అక్కడ. పసుపు మచ్చలుండే ‘టైగర్ సాలమాండర్’. బల్లిలా కనిపించే ఉభయచరం. న్యూయార్క్ రాష్ట్రం మొత్తంలో ఇది లాంగ్ ఐలాండ్‌లో మాత్రమే మిగిలింది. ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే కుంటల్లో గుడ్లు పెడుతుంది. మిగతా కాలమంతా చుట్టుపక్కల మట్టిలో బొరియల్లో బతుకుతుంది. కుంటను వదిలేసి చుట్టూ ఉన్న నేలను చదును చేస్తే చాలు, దాని వంశం ఆగిపోతుంది. అందుకే అక్కడి పర్యావరణ శాఖ కుంట నుంచి 535 అడుగుల దాకా నేలను ముట్టుకోవద్దంటుంది. 1,000 అడుగుల దాకా కనీసం సగం అలాగే ఉంచాలంటుంది.

చెరువంటే నీళ్లున్నంత మేర మాత్రమే కాదు. చుట్టూ ఉన్న నేల కూడా చెరువేనని ఆ చిన్న ప్రాణి చెబుతున్న పాఠం!

ఆగిందంటే నిద్రపోయినట్టు కాదు

ఒక మామూలు కారును విప్పి చూస్తే అదో చిన్న రసాయనాల కొట్టు. ఇంజిన్‌లో నాలుగైదు లీటర్ల ఆయిల్ ఉంటుంది. గేర్ బాక్సులో ఇంకొంత. రేడియేటర్‌లో కూలెంట్, బ్రేకుల్లో బ్రేక్ ఆయిల్, ఏసీలో గ్యాస్, ట్యాంకులో పెట్రోలు లేదా డీజిలు. బ్యాటరీలో సీసం, సల్ఫ్యూరిక్ యాసిడ్.

తిరిగే బండికైతే ఎక్కడో చుక్క కారితే మెకానిక్ పట్టేస్తాడు. నిలిపేసిన బండిని చూసే నాథుడుండడు. ఎండకు రబ్బరు గొట్టాలు పగులుతాయి. సీళ్లు ఎండిపోతాయి. తుప్పు పట్టి ట్యాంకుకు చిల్లు పడుతుంది. ఒక్కో బండి నుంచి కారేది చుక్కలే కావచ్చు. వెయ్యి బండ్ల చుక్కలు కలిస్తే..?

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తరచూ చెప్పే లెక్క ఒకటుంది. ఒక గ్యాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడు చేయగలదట. మన కొలతలో చెప్పుకుంటే ఒక లీటరు ఆయిల్‌కు పది లక్షల లీటర్ల నీళ్లు. అందులోనూ వాడిన ఆయిల్ మరీ ప్రమాదం. ఇంజిన్ అరుగుదలతో వచ్చిన లోహాల నుసి అందులో కలిసి ఉంటుంది. ఇక కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. దాన్ని నాకి కుక్కలు, పిల్లులు చచ్చిపోతుంటాయి.

‘మా దగ్గరుండేవన్నీ కొత్త బండ్లే, కారవు’ అంటారు స్టాక్‌యార్డుల వాళ్లు. నిజమే, కొత్తవాటితో ముప్పు తక్కువ. కానీ బండి కన్నా ముందు వచ్చేది మొరం. నేల చదును చేసి, మొరం పోసి, రోలరుతో తొక్కిస్తారు. వాన నీటిని పీల్చుకునే నేల ఆ రోజు నుంచి బండరాయితో సమానం. ఇంకాల్సిన నీరు పారుతుంది. పారే నీరు దారిలో ఉన్నదంతా ఊడ్చుకుని చెరువులో పడుతుంది. లేదా పక్క చేను మీద పడుతుంది.

టైర్ల కథ వేరే ఉంది. అమెరికాలోని సియాటిల్ పరిసరాల్లో వాన పడ్డప్పుడల్లా వాగుల్లో కోహో సాల్మన్ చేపలు గుంపులుగా చచ్చిపోయేవి. ఎందుకో ఏళ్లపాటు అంతు చిక్కలేదు. చివరికి 2020 డిసెంబరులో శాస్త్రవేత్తలు దోషిని పట్టుకున్నారు. టైర్లు త్వరగా పగలకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషంగా మారుతోంది. రోడ్ల మీది టైరు పొడితో పాటు వాన నీటిలో వాగు చేరుతోంది. పాత టైర్లలో నిలిచే నీళ్లు దోమలకు పురిటిగది కావడం మనకు కొత్త కాదు. డెంగీని మోసే జాతికి చెందిన ఆసియా పులిదోమ 1985లో హ్యూస్టన్ నగరంలో తిష్ఠ వేసింది. జపాన్ నుంచి దిగుమతైన పాత టైర్ల ద్వారానే వచ్చిందని తేల్చారు.

ఇక నిప్పు. శాండీ తుపాను రాత్రి న్యూజెర్సీలోని ఓడరేవులో నిలిపి ఉంచిన 16 ఫిస్కర్ కర్మా కార్లు వరసగా కాలి బూడిదయ్యాయి. చుట్టూ నీళ్లే! ఉప్పునీరు కారు విద్యుత్ వ్యవస్థలో చేరి షార్ట్ సర్క్యూట్ అయింది. గాలికి మంటలు పక్క కార్లకు అంటుకున్నాయి. విద్యుత్ బండ్లు పెరుగుతున్న ఈ రోజుల్లో ముంపు నేలలో బండ్ల యార్డు పెట్టేముందు గుర్తుంచుకోవాల్సిన ముచ్చట ఇది.

ఏ నేల దేనికి?

ఊళ్లో ఎక్కడ ఇళ్లుండాలి, ఎక్కడ దుకాణాలు, ఎక్కడ ఫ్యాక్టరీలు... ఇలా నేలను పనుల వారీగా విడదీసి గీత గీయడమే జోనింగ్. ‘నా భూమి, నా ఇష్టం’ అనే మాటకు ఇది అడ్డు. అందుకే అమెరికాలో గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ గ్రామం మీద ఓ రియల్ ఎస్టేట్ కంపెనీ వేసిన కేసది. 1926లో తీర్పు గ్రామం పక్షానే వచ్చింది. పంది పశువుల దొడ్లో ఉంటే తప్పు లేదు, ముందు గదిలో ఉంటేనే తప్పన్న పోలిక ఆ తీర్పులోనిదే. వస్తువు చెడ్డది కాకపోవచ్చు... ఉన్న చోటు చెడ్డది కావచ్చు!

బండ్ల యార్డుకు ఈ పోలిక అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. కార్లు అమ్మేవాళ్లకు స్టాకు పెట్టుకునే చోటు కావాలి. ప్రమాదంలో నుజ్జయిన బండ్లకు చోటు కావాలి. బడి బస్సులకు, లారీలకు, పొక్లెయిన్లకు రాత్రి పూట చోటు కావాలి. ఇవన్నీ సమాజానికి అవసరమైనవే. ఆ చోటు కుంట గట్టు కావాలా అన్నదే తగవు.

న్యూయార్క్ రాష్ట్రం 1975లోనే మంచినీటి చిత్తడి నేలల చట్టం తెచ్చింది. 12.4 ఎకరాలకు మించిన చిత్తడి నేలలకు రక్షణతో పాటు వాటి చుట్టూ 100 అడుగుల మేర నేలకు కూడా కాపలా పెట్టింది. చిక్కేమిటంటే ప్రభుత్వ పటంలో గీసి ఉంటేనే రక్షణ. పటంలో లేని చిత్తడి నేల చట్టం కళ్లకు కనపడదు. 2022లో చట్టాన్ని సవరించారు. 2025 జనవరి నుంచి పటంలో లేకపోయినా లక్షణాలుంటే రక్షణ ఉంటుంది. మరోపక్క 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఓ కేసులో కేంద్ర చట్టం పరిధిని కుదించింది. పెద్ద జలవనరులతో పైపైన తెగకుండా కలిసి ఉన్న చిత్తడి నేలలకే ఆ చట్టం వర్తిస్తుందని తేల్చింది. దాంతో విడిగా ఉన్న చిన్న కుంటలను కాపాడుకునే బరువు చాలావరకు రాష్ట్రాలు, ఊళ్ల మీదే పడింది.

అక్కడి పద్ధతిలో మెచ్చుకోదగ్గది ఒకటుంది. చాలా టౌన్లలో బయట వాహనాలు నిల్వ చేయడమన్నది దానంతట అదే ఒక ‘భూ వినియోగం’. గోడ కట్టినా కట్టకపోయినా అనుమతి కావాలి. ఇరుగుపొరుగుకు నోటీసు వెళ్తుంది. బహిరంగ విచారణ ఉంటుంది. అనుమతిచ్చినా షరతులుంటాయి. బండ్లు ఇన్నే ఉండాలి, కుంటకు ఇంత దూరంలో ఉండాలి, మరమ్మతులు చేయకూడదు, వాన నీటిని వడగట్టి వదలాలి... ఇలా. మొదటి బండి రాకముందే మాటలు అయిపోవాలి. వచ్చాక పంపడం ఎంత కష్టమో అందరికీ తెలుసు.

మన చెరువు మాటేమిటి?

మన ఊరి చెరువుకు ఆ కాపలా లేదా? ఉంది. కానీ ఆ కాపలాదారు చూపంతా కట్టడం మీదే!

చెరువు నిండి అలుగు పారేటప్పుడు నీళ్లు ఎంత మేర పరుచుకుంటాయో అదే పూర్తి నీటిమట్టం. అందరి నోట్లో నలిగిన మాట ఎఫ్‌టీఎల్. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిబంధనలు, అంటే జీవో 168, ఎఫ్‌టీఎల్ లోపల ఎలాంటి నిర్మాణం, అభివృద్ధి పనులు కూడదన్నాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలన్నాయి. ఆ బఫర్‌ను పచ్చగా ఉంచాలి, అందులో భవన నిర్మాణం చేయకూడదు.

‘భవనం కట్టలేదు కదా సార్... బండ్లు పెట్టుకున్నాం, అంతే!’

ఈ ఒక్క మాటతో చట్టం నోరు మూయించాలని చూసేవారు ఎందరో. నిజానికి ‘పచ్చగా ఉంచాలి’ అన్న మాట కూడా ఆ నిబంధనలోనే ఉంది. మొరం పోసి తొక్కించిన నేల పచ్చగా ఎలా ఉంటుంది? తెలంగాణలో సాగు భూమిని మరో పనికి వాడాలంటే భూమార్పిడి, జనం భాషలో ‘నాలా’ చేయించుకోవాలి. అది కట్టడానికే కాదు, వాడకానికి వర్తించే నియమం. అయినా నాలుగు గోడలు లేస్తే కనిపించే ఉల్లంఘన, నాలుగొందల బండ్లు నిలబడితే కనిపించదు.

కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నిబంధనల్లోనూ అలాంటి సందులే ఉన్నాయి. గత పదేళ్లలో సగటున వరద చేరిన గరిష్ఠ మట్టం నుంచి 50 మీటర్ల లోపు ‘శాశ్వత స్వభావం గల’ నిర్మాణాలు వద్దన్నాయి. బండి శాశ్వతం కాదుగా! అంతకన్నా పెద్ద చిక్కు నిర్వచనంలో ఉంది. సాగు కోసం, తాగునీటి కోసం ప్రత్యేకంగా తవ్వినవి ఈ నిబంధనల లెక్కలోకి రావు. మన పల్లెల్లోని చెరువుల్లో ఎక్కువభాగం కాకతీయుల కాలం నుంచీ సాగు కోసం కట్టినవే. అంటే కొంగలు వాలినా, తామరలు పూసినా, జమ్ము పెరిగినా... కాగితం మీద అది చిత్తడి నేల కాదు. దాని రక్షణ నీటిపారుదల శాఖ, రెవెన్యూ, పంచాయతీల చేతుల్లోనే. హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు లోపల చెరువుల పరిరక్షణకు 2024 జులైలో హైడ్రా వచ్చింది. ఔటర్ దాటితే మళ్లీ ఆ పాత కథే. ఇక బండ్ల యార్డులకు కావాల్సిన చౌక నేల, పెద్ద రోడ్డు రెండూ దొరికేది ఔటర్ దాటాకే.

కూడళ్లలో, పోలీస్ స్టేషన్ల ఆవరణల్లో తుప్పు పట్టే బండ్లనూ మరిచిపోకూడదు. పట్టుకున్న వాహనాలను ఏళ్ల తరబడి స్టేషన్లలో ఉంచొద్దు, తగిన హామీ తీసుకుని యజమానికి ఇవ్వండి, ఎవరూ రాకపోతే వేలం వేయండని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఆ మాట అంతటా అమలైతే బండ్ల గుట్టల్లో సగం గుట్ట కరిగిపోతుంది.

బుడమేరు చెప్పిన నిజం

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ ఏం చూసిందో ఇంకా ఎవరూ మరవలేదు. బుడమేరు గట్లు తెగాయి. సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆటోలు, బైకులు, కార్లు ఎక్కడివక్కడే మునిగాయి. నీళ్లు తీశాక మెకానిక్ షెడ్ల ముందు తోపుడు బండ్లలా క్యూ కట్టాయి. బతుకుతెరువైన ఆటో మునిగినవాళ్ల గోడు వర్ణించలేం.

ఆ నీళ్ల దారి ఎటు? బుడమేరు సహజంగా వెళ్లి కలిసేది కొల్లేరులో. తమ్మిలేరు, రామిలేరు కూడా అటే. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఆ సరస్సుకు పై ఊళ్లు కడిగిన నీళ్లన్నీ అందుతాయి. అక్కణ్నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాల్సిందే. ప్లస్ 5 కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. కానీ సరస్సు చుట్టూ గీత గీసినంత మాత్రాన నీళ్లు ఆ గీతను గౌరవించవు. పైన వాగు ఒడ్డున ఏం నిలిపామన్నది కింద కొల్లేరులో తేలుతుంది.

వరద బండి దగ్గరికి రావడం ఒక ఎత్తు. బండ్లను తీసుకెళ్లి వరద దారిలో పెట్టడం మరో ఎత్తు. మొదటిది ఆపద. రెండోది చేజేతులా తెచ్చుకునేది.

రైతును తప్పుపట్టగలమా?

చెరువు పక్కన అరెకరం ఉన్న రైతు పరిస్థితీ చూడాలి. శిఖం భూమి అయితే నీళ్లు తగ్గినప్పుడే సాగు. నిండితే పంట నీళ్లపాలు. కట్టడానికి లేదు, అమ్ముదామంటే ధర రాదు. అలాంటి నేలకు నెలనెలా అద్దె ఇస్తానని ఒకరు వస్తే కాదనగలడా? పట్నం వాళ్లకు చెరువు అందంగా కనబడుతుంది. ఆయనకు అది కూతురి చదువు ఖర్చుకు అడ్డుపడే నిబంధనలా కనబడుతుంది. ఆ కష్టం పట్టించుకోకుండా బఫర్ గీతలు గీస్తే అవి కాగితం మీదే ఉంటాయి.

అయితే అద్దె ఒకరికి, నష్టం ఊరందరికీ. చెరువు మంచిగా ఉంటేనే చుట్టూ బోర్లలో నీరు. ఆయకట్టు కింద వరి, చేపల మీద బతికే కుటుంబాలు, గట్టు మీద మేసే గేదెలు... ఇవేవీ అద్దె కాగితంలో ఉండవు. యార్డు వాడు మూడేళ్లకో ఐదేళ్లకో మరో చోటు చూసుకుంటాడు. నూనె తాగిన నేల మాత్రం రైతుకే మిగులుతుంది. మళ్లీ నాగలి పెడదామన్నా మొరం కింద మట్టి మొద్దుబారి ఉంటుంది.

దీనికి దారి లేకపోలేదు. రోడ్డు పక్కన మెరక నేలల్లో, నీటివనరులకు దూరంగా వాహనాల నిల్వకే ప్రత్యేకంగా స్థలాలు చూపించొచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటివి పుట్టింది ఈ ఆలోచనతోనే... చెల్లాచెదురుగా ఉన్న పనులన్నీ ఒకచోటికి చేర్చాలని. అందరూ ఒకచోట ఉంటే ఆయిల్‌ను వేరు చేసే తొట్టి ఒకటి కట్టినా అందరికీ పనికొస్తుంది. తనిఖీ చేయడమూ తేలిక.

కాలం చెల్లిన బండ్ల విషయంలో ఇప్పటికే కొంత కదలిక వచ్చింది. 2021లో వాహనాల తుక్కు కేంద్రాలకు నిబంధనలు వచ్చాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమాలు, కాలం తీరిన బండ్ల బాధ్యతను తయారీ కంపెనీల మీద కూడా పెట్టాయి. బండిని విరగ్గొట్టేముందే ఆయిళ్లు, బ్యాటరీ, గ్యాస్ తీసి భద్రపరచాలి. నమోదైన కేంద్రానికి బండి ఎంత తొందరగా చేరితే చెరువు గట్టుకు అంత మేలు.

ఊరు అడగాల్సినవి

ఊళ్లో బండ్ల యార్డు వస్తోందంటే గ్రామసభలో ఈ ప్రశ్నలు వేయాలి.

* ఆ సర్వే నంబరు చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉందా, బఫర్‌లో ఉందా? నీటిపారుదల, రెవెన్యూ అధికారుల దగ్గర పటం అడగాలి. అలుగు నీరు పోయే కాలువ ఆ నేల గుండా వెళ్తోందేమో చూడాలి.

* వచ్చేవి కొత్త బండ్లా, నుజ్జయినవా, తుక్కా? నుజ్జయినవైతే ఆయిళ్లు, బ్యాటరీలు తీశాకే తేవాలి.

* నుజ్జయిన బండ్లు నిలిపేచోట సిమెంటు నేల ఉంటుందా? వాన నీరు ఆయిల్‌ను వేరు చేసే తొట్టిలోంచి వెళ్తుందా?

* బండ్లు గరిష్ఠంగా ఎన్ని? ఎన్నాళ్లు? మంటలు లేస్తే ఫైరింజన్ తిరిగే దారి ఉందా?

* పక్కనున్న బోర్ల నీటిని యార్డు రాకముందు ఒకసారి పరీక్ష చేయించారా? ముందు లెక్క లేకపోతే రేపు పాడైందని నిరూపించడం కష్టం.

* యార్డు ఎత్తేశాక నేలను బాగు చేసేదెవరు? అందుకు ముందే కొంత డిపాజిట్ పెట్టించుకున్నారా?

భూమి ఇచ్చే రైతు కూడా ఆఖరి రెండు ప్రశ్నలను అద్దె కాగితంలో రాయించుకోవడం మంచిది. వీటికి జవాబులు రాకుండానే మొరం లారీలు దిగుతుంటే పంచాయతీకి, తహసీల్దారుకు, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా చెప్పాలి. మొరం పోయకముందు ఒక దరఖాస్తుతో ఆగే పని, పోశాక కోర్టుకెక్కినా ఆగదు.

*

కాల్వర్టన్ రన్‌వేల మీది కార్లు వేలంలో అమ్ముడయ్యాయి. కొన్ని విడిభాగాలయ్యాయి, కొన్ని తుక్కయ్యాయి. బారులు మాయమయ్యాయి. ఆ రన్‌వేల కింద మాత్రం యుద్ధ విమానాల కాలం నాటి కాలుష్యం ఎక్కడెక్కడ మిగిలిందో చూసుకుంటూ తవ్వుతూ, పరీక్షిస్తూ ఇప్పటికీ ఖర్చు పెడుతున్నారు. పైన ఉన్నది పోతుంది. కిందికి దిగిందే ఉండిపోతుంది.

వానాకాలం మొదట్లో ఊరి పెద్దలు చెరువు కట్ట మీదికి వెళ్లి తూము చూసేవారు, అలుగు చూసేవారు, కట్టకు ఎక్కడైనా గండి పడిందేమో చూసేవారు. ఇప్పుడు చూడాల్సింది ఇంకొకటి చేరింది. చెరువుకు నీళ్లొచ్చే దారిలో ఏం నిలబెట్టారో కూడా చూడాలి. బండి ఆగినంత మాత్రాన దాని ప్రయాణం ఆగినట్టు కాదు. అది చుక్కచుక్కగా చెరువు వైపే వెళ్తుంటుంది.